చార్టు మీద అంకెలు: లక్షల దగ్గర కామా ఎక్కడ?

ప్రశ్న: చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ చార్ట్.జేఎస్‌తో పాల సంఘం నెలవారీ చెల్లింపులకు బార్ చార్టు వేశాను. పక్క అక్షం మీద 1,200,000 అని పడుతోంది. విలువలు రాసే డేటాలేబుల్స్ ప్లగిన్ పెట్టాక బార్ల పైన అసలు కామాలే లేవు. నేనే డేటాలో '12,34,567' అని రాసి ఇస్తే బార్లు మాయమయ్యాయి.

జవాబు: కామాలు పెట్టగానే అది అంకె కాదు, అక్షరాల వరుస. లైబ్రరీ దాన్ని సంఖ్యగా మార్చబోతే 'నాన్' (సంఖ్య కాదు అని అర్థం) వస్తుంది, దానికి ఎత్తు ఉండదు కాబట్టి బార్ గీయదు. డేటాలో 1234567 అనే ఉంచండి. కామాల పని చూపించేటప్పుడే.

ఆప్షన్స్‌లో 'లొకేల్' (ప్రాంతపు అంకెల పద్ధతి) విలువ 'ఈఎన్-ఐఎన్' (ఇంగ్లిష్ లిపిలో) ఇస్తే అక్షం, మౌస్ పెడితే వచ్చే టూల్‌టిప్ రెండూ 12,34,567 పద్ధతికి మారతాయి. డేటాలేబుల్స్ మాత్రం దీన్ని పట్టించుకోదు, విలువను ఉన్నదున్నట్టు రాస్తుంది. లేబుల్ మాటను తయారు చేసే దాని 'ఫార్మాటర్' ఫంక్షన్లో, జావాస్క్రిప్ట్ లోనే ఉండే ఇంటిల్.నంబర్‌ఫార్మాట్ వాడాలి. ఆ ఆబ్జెక్టును ఫంక్షన్ బయట ఒక్కసారే తయారు చేసుకోండి, ప్రతి లేబుల్‌కూ కొత్తది ఎందుకు? రూపాయి గుర్తు కూడా కావాలంటే స్టైల్ 'కరెన్సీ', కరెన్సీ 'ఐఎన్ఆర్' (ఇవీ ఇంగ్లిష్ లిపిలోనే) పెట్టి, దశాంశ స్థానాల కనిష్ఠం, గరిష్ఠం రెండూ 0 చేయండి. గరిష్ఠం ఒక్కటే ఇస్తే కొన్ని పాత బ్రౌజర్లలో రేంజ్ ఎర్రర్ వస్తుంది. రెండూ వదిలేస్తే ప్రతి బార్ మీదా .00 పైసలు వేలాడతాయి.

పన్నెండు బార్ల మీద పూర్తి అంకెలు ఇరుకే. లక్షతో భాగించి, ఒక దశాంశ స్థానానికి సవరించే టూఫిక్స్‌డ్(1) వాడొచ్చు. అయితే విలువను బట్టి ఒక బార్‌కు 'లక్షలు', ఇంకో బార్‌కు 'కోట్లు' అని రాయించకండి. 99,96,000 కోటి కన్నా తక్కువే కాబట్టి లక్షల వైపు వెళ్లి, '100.0 లక్షలు' అని పడుతుంది. చార్టు మొత్తానికి ఒకే కొలత ఎంచుకుని, అక్షం శీర్షికలో 'రూ. లక్షల్లో' అని రాసేయడమే మేలు.

ఎత్తయిన బార్ పైన లేబుల్ తెగిపోతుంటే వై స్కేల్‌లో 'గ్రేస్' (పైన వదిలే ఖాళీ) 10% ఇవ్వండి. చెల్లింపు లేని నెలకు ఫార్మాటర్ 'నల్' (ఏ విలువా లేదు) తిరిగిస్తే అక్కడ లేబుల్ పడదు.

ప్రశ్న: నెలల పేర్లు కుదించాలని ఎక్స్ అక్షానికి, ప్రతి గుర్తు కింద ఏం రాయాలో చెప్పే టిక్స్ కాల్‌బ్యాక్ రాస్తే పేర్లు పోయి 0, 1, 2 వచ్చాయి.

జవాబు: అలాగే వస్తాయి. పేర్లుండే ఇలాంటి అక్షంలో కాల్‌బ్యాక్‌కు అందేది పేరు కాదు, దాని వరుస సంఖ్య. దిస్.గెట్‌లేబుల్‌ఫర్‌వాల్యూకి ఆ సంఖ్య ఇస్తే పేరు దొరుకుతుంది. కాల్‌బ్యాక్‌ను బాణం గుర్తుతో (=>) రాయకండి, అందులో 'దిస్' స్కేల్‌ను చూపించదు.

పేరు చేతికొచ్చాక, మొదటి మూడే ఉంచే స్లైస్(0, 3) వేయాలనిపిస్తుంది. తెలుగులో అది కుదరదు: గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి. 'మార్చి' కాస్తా 'మార' అవుతుంది, 'ఏప్రిల్' 'ఏప్' దగ్గర ఆగుతుంది. పన్నెండు పొట్టి పేర్లను చేత్తో ఒక అర్రేలో రాసుకుని, వరుస సంఖ్యతో నేరుగా తీసుకోండి. అప్పుడు 'దిస్' గొడవ కూడా ఉండదు.