రాజు గొంతు మారింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా లాబ్రడార్ రాజుకి 9 ఏళ్లు. రెండు నెలలుగా మొరిగితే గొంతు బొంగురుగా వస్తోంది. మెడ కింద నిమ్మకాయంత గడ్డ. రోజూ నాగావళిలో ఈదేవాడు, ఇప్పుడు మెట్లెక్కినా రొప్పుతున్నాడు. గొంతు క్యాన్సరని, ఆపరేషన్ చేస్తే మూగవాడైపోతాడని అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఆ పేరు అప్పుడే పెట్టెయ్యకండమ్మా. ముసలి లాబ్రడార్లకి స్వరపేటిక నరం చచ్చుబడినా ఇలాగే గొంతు బొంగురుపోతుంది, ఆయాసం వస్తుంది. గడ్డ సంగతి వేరే కావచ్చు.

పెద్ద వయసు కుక్కల మెడలో ఇలా తగిలేది చాలాసార్లు థైరాయిడ్ గడ్డ. వేళ్లతో పట్టుకుంటే అటూ ఇటూ కదులుతోందా? కదులుతూ, ఊపిరితిత్తులకు పాకకుండా ఉంటే ఆపరేషన్‌కి మంచి కేసే. తీసేశాక రెండు మూడేళ్లు బతికినవి ఉన్నాయి, మొరుగుతూనే. రాయిలా అతుక్కుపోయిందంటే కష్టం. పెద్ద రక్తనాళాలు, స్వరపేటిక నరం అన్నీ ఆ పక్కనే.

సర్వీసు కొత్తలో పార్వతీపురం దగ్గర ఒక నాటుకుక్కకి గొంతునొప్పే కదా అని మూడు వారాలు యాంటీబయోటిక్ ఇచ్చాను. తర్వాత మత్తిచ్చి నోరు తెరిస్తే టాన్సిల్ మీద క్యాన్సర్ పుండు. అప్పటికే మెడ గ్రంథులకు పాకేసింది. తప్పు నాదే. అందుకే చెబుతున్నా, గడ్డలోంచి సూదితో కాస్త తీసి చూసే పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, మత్తిచ్చి గొంతు చూడటం, ఈ మూడూ కాకుండా కత్తికి ఒప్పుకోవద్దు. మీకు దగ్గర్లో గరివిడి వెటర్నరీ కాలేజీ ఉంది.

మూగవాడవడం అన్నది గడ్డ స్వరపేటికలోనే ఉండి, దాన్ని మొత్తం తీసేస్తేనే. కుక్కల్లో అది అరుదు. అప్పుడు మెడలో పెట్టిన రంధ్రంతోనే జీవితాంతం ఊపిరి. తిండి మామూలుగా నోటితోనే. మొదటి వారాల్లో రాత్రీ పగలూ గంటల లెక్కన ఆ రంధ్రం దగ్గర చేరే కఫం తుడవాలి, చుట్టూ వెంట్రుకలు కత్తిరిస్తుండాలి. ఆ రంధ్రంలోకి నీళ్లు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే, కాబట్టి నాగావళి ఇక లేనట్టే. మొరగలేకపోవడం రాజుకి పెద్ద బాధ కాదు. అర్ధరాత్రి లేచి తుడిచేది మీ ఇంట్లో ఎవరు? అది తేల్చుకున్నాకే ఒప్పుకోండి.

ఈ లోపు మెడ బెల్టు తీసేసి ఒంటికి కట్టే బెల్టు వాడండి. గరివిడికి ఎండెక్కక ముందే బయల్దేరండి. నాలుక నీలంగా మారితే మాత్రం దగ్గర్లో ఏ పశువుల ఆసుపత్రి ఉంటే అక్కడికే పరిగెత్తండి.