పాప నిద్రకు జలుబు సిరప్ పట్టొచ్చా?

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. రాత్రి నాలుగైదుసార్లు లేచి ఏడుస్తుంది. వచ్చే వారం విశాఖ మీదుగా హైదరాబాద్ వెళ్లాలి, రాత్రి ప్రయాణం. పెద్దబాబుకి వాడిన జలుబు సిరప్ అర చెంచా పడితే పడుకుంటుందని పక్కింటివారు, గసగసాల పాలు పట్టమని మా అత్తగారు అంటున్నారు. ఏది మంచిది?
- ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ప్రొమెథాజిన్, డైఫెన్‌హైడ్రమిన్: వీటిలో ఏది ఉన్నా అది అలర్జీ మందు, మత్తు దాని దుష్ఫలితం. ప్రొమెథాజిన్‌తో రెండేళ్లలోపు పిల్లలకు ఊపిరి మందగించి ప్రాణాలే పోయాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ (ముక్కు దిబ్బడ తగ్గించే మందు) కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. కొందరు పిల్లలు ఈ మందులకు నిద్రపోకపోగా ఇంకా రేగిపోతారు.

'అర చెంచా' అన్న కొలతే ప్రమాదం. వంటింటి చెంచాలు అన్నీ 5 మి.లీ. కావు. పైగా సిరప్‌లో 5 మి.లీ.లో ఉండే మందు, చుక్కల సీసాలో 1 మి.లీ.లోనే ఉండొచ్చు.

గసగసాలు నల్లమందు కాయలోవే. కాయ నుంచి కారే మత్తు పాలు గింజలకు ఎంత అంటిందో పొట్లం పొట్లానికీ మారుతుంది, చూసి చెప్పలేం.

ఇప్పటికే పట్టి ఉంటే, లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు. సీసా వెంట తీసుకెళ్లి, ఎంత, ఎన్నింటికి పట్టారో చెప్పండి.

ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర చాలు. సాయంత్రం కునుకు తీస్తే రాత్రి ఆలస్యమవుతుంది. ప్రయాణంలో రోజూ కప్పుకునే దుప్పటి, అదే పాట ఉంచండి. ఏడుపు తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి: చెవినొప్పి, ముక్కు దిబ్బడ, ఐరన్ లోపం వల్ల కూడా నిద్ర చెడుతుంది.

ప్రశ్న: ఏడేళ్ల బాబుకు నిద్ర కోసం మెలటోనిన్ (నిద్ర హార్మోన్) గమ్మీలు, అంటే నమిలే తీపి బిళ్లలు, ఇవ్వొచ్చా?
- రాయగడ

జవాబు: డాక్టరు చెప్పకుండా వద్దు. 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో మోతాదు లేబుల్‌తో సరిపోలేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే తాళం వేసి పెట్టండి, పిల్లలు చాక్లెట్లనుకుని తింటారు.