బేస్ మార్చి రాసి చూడు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఒలింపియాడ్ పరీక్షలో బేస్‌ల లెక్కలంటే టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. బేస్ అంటే ఒక్కో స్థానం విలువ దాని కుడి పక్క స్థానానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య. మనం రోజూ రాసేది బేస్ 10, అందులో స్థానాలు 1, 10, 100. బేస్ 8లో అయితే 1, 8, 64. ఇంకో పది సూత్రాలు బట్టీ పట్టమని నేను అనను. ఒక్క అలవాటు చేసుకో. ఏదైనా సంఖ్యకి ఫలానా గుణం ఉందని చెబితే, అది ఆ సంఖ్యదా, మనం రాసిన పద్ధతిదా అని ముందు అడుగు. మనిషికీ చొక్కాకీ ఉన్న తేడా అది. 19 ప్రధాన సంఖ్య. బేస్ 2లో 10011 అని రాసినా ప్రధానమే. 22 మాత్రం అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే, కానీ బేస్ 8లో అది 26 అయిపోతుంది.

అంకెలు కూడితే 9 గుణిజం వచ్చిందంటే 9తో భాగం పోతుందని చిన్న తరగతిలోనే నేర్చుకున్నావు. అందులో 9 మహిమ ఏమీ లేదు. 10, 100, 1000, ఏది తీసుకున్నా 9తో భాగిస్తే 1 మిగులుతుంది, అంతే. బేస్ 8లో 8, 64, 512 అన్నీ 7తో భాగిస్తే 1 మిగిలేవే. కాబట్టి అక్కడ ఆ సూత్రం 7కి వర్తిస్తుంది. 91 తీసుకో. 8తో భాగిస్తే 11, శేషం 3. ఆ 11ని భాగిస్తే 1, శేషం 3. చివరి 1తో కలిపి కింది నుంచి పైకి రాస్తే 133. కూడితే 7. 91 అంటే 7 × 13 కదా!

చాలామంది పిల్లలు బోల్తాపడేది సరి, బేసి దగ్గర. చివరి అంకె చూసి చెప్పడం సరి బేస్‌లోనే కుదురుతుంది. బేస్ 5లో 13 అంటే మన 8. చివర 3 ఉన్నా అది సరి సంఖ్యే. బేసి బేస్‌లో అంకెలన్నీ కూడి, ఆ మొత్తం సరా బేసా అని చూడాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది 10101. ఏ బేస్‌లో చదివినా ఇది ప్రధాన సంఖ్య కాదు. బేస్ 2లో 21, బేస్ 3లో మన పాత 91, బేస్ 10లో 111 × 91. బేస్‌ని ‘క’ అనుకుంటే క⁴ + క² + 1 అన్నది (క² + క + 1)(క² − క + 1) అవుతుంది. ఒక్క వరసలో అన్ని బేస్‌లకీ రుజువు అయిపోయింది. ఇలాంటిది చూసినప్పుడే బీజగణితం ఎందుకో పిల్లలకి తెలుస్తుంది.

దేవ్‌లాలీలో స్కూల్ టీచరుగా పనిచేసిన కాప్రేకర్ గారి 6174 నీకు తెలుసు. పెద్ద నుంచి చిన్నకి పేర్చిన అంకెల్లోంచి చిన్న నుంచి పెద్దకి పేర్చినవి తీసేస్తే మళ్ళీ 6174. బేస్ 5లో 6, 7 అంకెలే లేవు. అక్కడ 3320 లోంచి 0233 తీసేసి చూడు, 3032 వస్తుంది. దానితో మళ్ళీ చేసినా 3032. అప్పు తెచ్చుకునేటప్పుడు 10 కాదు, 5 తేవాలని మరవకు.

మొదట్లో క్యాలిక్యులేటర్ ముట్టుకోకు. గుంటూరులో రైలెక్కి విజయవాడ వెళ్ళేటప్పుడు టికెట్ మీద కనిపించే ఏదో ఒక సంఖ్యని మంగళగిరి దాటేలోపు బేస్ 8లోకి, బేస్ 5లోకి మార్చు. చేతికి అలవాటయితే పరీక్షలో భయం ఉండదు.

10101 చూశావుగా, ఇప్పుడు 1001 సంగతి నువ్వే తేల్చు. జవాబు ఫోన్‌లో చెప్పొద్దు, ఆదివారం బ్రాడీపేట వచ్చినప్పుడు కాగితం తెచ్చి చూపించు.

నీ పెదనాన్న