రాని సరుకుకు బిల్లు రాసిన సప్లయర్‌కు బాధ్యత లేదా?

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది. కొనుగోళ్లు చూసే మా ఉద్యోగి, ఇనుప రాడ్లు సరఫరా చేసే వ్యాపారితో కుమ్మక్కై, రాని సరుకుకు బిల్లులు పెట్టించి రెండేళ్లలో సుమారు 14 లక్షలు కాజేసినట్టు గత నెలలో బయటపడింది. ఒక ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉన్న బండి నంబరు స్కూటర్‌ది. నిలదీస్తే ఆ వ్యాపారి, ‘మీ మనిషి రాయమన్నాడు, రాశాను, మీ గొడవ మీరు చూసుకోండి’ అంటూ, పైగా పాత బకాయి 2 లక్షలు కట్టమని నోటీసు పంపాడు. అతని మీద చర్య తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా తీసుకోవచ్చు. ‘మీ మనిషి రాయమన్నాడు’ అనడం ఆయనను కాపాడే మాట కాదు, ఒక రకంగా ఒప్పుకోలే. అందుకే ఆ మాట ఆయన వాట్సాప్‌లోనో ఉత్తరంలోనో అని ఉంటే దాన్ని జాగ్రత్త చేయండి. ఇలాంటి వ్యవహారాల్లో కోర్టు ముందుగా చూసేది సప్లయర్‌కు మోసం సంగతి తెలుసా లేదా అన్నది. ధర కాస్త ఎక్కువ వేశాడన్నంత మాత్రాన ఆ సంగతి రుజువు కాదు గానీ, తన గోడౌన్ నుంచి కదలని సరుకుకు బిల్లు రాసినవాడు, అది కదలలేదని తనకు తెలియదని చెప్పలేడు. టన్ను రాడ్లు స్కూటర్ మీద వచ్చాయని ఏ న్యాయమూర్తి నమ్ముతారు?

2024 జూలై 1 తర్వాత జరిగిన లావాదేవీలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అందులో ఉద్యోగి చేసిన నమ్మకద్రోహానికి 316(4), మోసానికి 318(4), దొంగ లెక్కలకు 344 సెక్షన్లు ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. సప్లయర్ మీ ఉద్యోగి కాకపోయినా, కుట్రకు సంబంధించిన 61(2) కింద అతనితోపాటు నిందితుడవుతాడు. 2024 జూలై 1కి ముందరి బిల్లులకు పాత భారతీయ శిక్షాస్మృతే (ఐపీసీ) వర్తిస్తుంది. మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఇద్దరి పేర్లతోనూ ఒకే ఫిర్యాదు ఇవ్వండి.

డబ్బు రాబట్టుకోవడానికి సివిల్ దావా విడిగా వేయాలి. కలిసి మోసం చేసినవారు నష్టానికి ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు కనుక, చేతిలో పైసా లేని ఉద్యోగిని వదిలి మొత్తం సొమ్ము సప్లయర్ నుంచే అడగడానికీ వీలుంది. మూడేళ్ల గడువు మోసం బయటపడిన నాటి నుంచి లెక్కకు వస్తుంది. ఈ వెసులుబాటు 1963 నాటి లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ బిల్లుల మీద మీరు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వాడుకుని ఉంటే, సరుకు అందనందున అది చెల్లదు. శాఖ నోటీసు వచ్చేదాకా ఆగకుండా, మీ ఆడిటర్‌తో మాట్లాడి వడ్డీతో సహా వెనక్కి కట్టేయడం మేలు.

బకాయి నోటీసుకు మాత్రం మౌనంగా ఉండకండి. ఆ 2 లక్షల సరుకు నిజంగా వచ్చి మీరు వాడుకుని ఉంటే దాని ధర మీరు బాకీయే. అయితే ఆయన దావా వేస్తే మీ 14 లక్షలకు అదే దావాలో కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) వేయవచ్చని లాయరు ద్వారా రాతపూర్వకంగా తెలియజేయండి. ఇక సరుకు రాలేదనడానికి ఆధారమైన స్టోర్స్‌లోని ఇన్‌వార్డ్ రిజిస్టర్ (వచ్చిన సరుకు రాసే పుస్తకం), కాటా చీటీలు పోలీసులకు అప్పగించేటప్పుడు పేజీల సంఖ్యతో సహా రసీదు తీసుకుని, ముందే జిరాక్స్ ప్రతులు దగ్గర ఉంచుకోండి.