సేటు భక్తి, మీ ఈఎస్ఐ

ప్రశ్న: హన్మకొండలో బట్టల షోరూంలో సేల్స్‌లో చేస్తున్న, జీతం 15 వేలు. రెండో బాబు పుట్టినంక కు.ని. ఆపరేషన్ చేయించుకుందామని లీవు అడిగితే, అది మా మతంలో పాపం, దానికి లీవు ఇయ్య, అసొంటివాటికి పైసలిచ్చే ఈఎస్ఐ కూడా ఇగ కట్ట అన్నడు మా సేటు. అమెరికాలో ఒక కంపెనీ ఇట్లనే కోర్టుకు పోయి గెలిచిందట. మేం పద్నాలుగు మందిమి. నిజంగనే కట్టకుంట ఉండొచ్చా?
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: కుదరదమ్మా. సేటుది ఏ మతమో మీరు రాయలేదు, ఏదైనా జవాబు ఇదే. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే షాపులో 21 వేల వరకు జీతమున్న వాళ్లందరికీ ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, తప్పనిసరి. మీ జీతం మీద మీ వాటా 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు. సేటు వాటా 3.25 శాతం, 487 రూపాయల 50 పైసలు, దాన్ని మీ జీతంలోంచి పట్టుకోవడానికి లేదు. ఆ డబ్బు పోయేది ఈఎస్ఐ కార్పొరేషన్‌కు. ఎవరి జ్వరానికి ఎంత, ఎవరి కాన్పుకు ఎంత అని ఆయన్ను అడిగేవాళ్లుండరు. ఆపరేషన్ చేయించుకునేది మీరు, చేసేది డాక్టరు, మధ్యలో ఆయనకు అంటుకునే పాపమేముంది?

అమెరికా కేసు నిజమే కానీ మీ సేటు దాకా సగమే వచ్చింది. అది హాబీ లాబీ అనే, ఒకే కుటుంబం చేతిలో ఉన్న షాపుల కంపెనీ. అక్కడ 2010 నాటి ఆరోగ్య చట్టం కింద కంపెనీ తన ఉద్యోగులకు ఇచ్చే ఇన్సూరెన్సులో గర్భనిరోధక పద్ధతులూ ఉండాలన్నారు, ఇరవై రకాల్లో నాలుగింటికి మా విశ్వాసం ఒప్పదని వీళ్లు కోర్టుకెక్కారు, 2014 జూన్ 30న సుప్రీంకోర్టులో 5–4తో గెలిచారు. ఆ నాలుగు ఏవంటే రెండు రకాల అత్యవసర మాత్రలు, రెండు రకాల ఐయూడీలు (గర్భసంచిలో పెట్టేవి). కు.ని. ఆపరేషన్ మీద వాళ్లకు పేచీయే లేదు! పైగా ఆ తీర్పుకు ఆధారం 1993లో అక్కడ చేసుకున్న మతస్వేచ్ఛ చట్టం, అసొంటిది మనకు లేదు. మన రాజ్యాంగం 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇస్తూనే అది ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని మొదటి వాక్యంలోనే చెప్పింది.

ఇక లీవు. ట్యూబెక్టమీకి, అంటే ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్‌కు, ఈఎస్ఐ కింద 14 రోజులు పూర్తి వేతనం వస్తుంది, ఏదైనా ఇబ్బందైతే ఇంకా పొడిగిస్తారు. దానికి ఈఎస్ఐ వాళ్లు లెక్కకు తీసుకునే ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా జమై ఉండాలి, అందుకే సేటు కట్టడం ఆపితే నెలలకు నెలలు చూస్తూ కూర్చోవద్దు. ఆయన కట్టనందువల్ల మీకు రావాల్సింది పోతే కార్పొరేషన్ మీకు ఇచ్చి ఆయన దగ్గర వసూలు చేసే వీలుంది. రేపు రిజిస్టర్లో తొమ్మిది మందినే చూపిస్తాడేమో (ఈ తెలివి మన దగ్గర బాగానే నడుస్తుంది), ఒకసారి ఈఎస్ఐ కిందికి వచ్చిన షాపు మనుషులు తగ్గినా బయటికి పోదు.

పే స్లిప్ ఇవ్వకుంటే జీతం పడ్డ ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, షాపు వాట్సాప్ గ్రూపులో డ్యూటీ మెసేజ్‌లు దాచుకోండి. మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్ఐ పోర్టల్లో చందా ఏ నెల దాకా పడిందో చూసి, ఆగిపోతే బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒక్కరే పోకండి, మిగతా పదమూడు మందిలో వచ్చేవాళ్లను వెంట తీసుకుపోండి.