రొయ్యల ఇగురు అమెరికాలో ఎందుకు ఇగరదు?

మీ ప్రశ్న: "విదేశంలో ఉంటున్నాను. భీమవరం, పాలకొల్లు వైపు కర్రీ పాయింట్లలో దొరికే కూర రుచి ఇంట్లో ఎంత ప్రయత్నించినా రావడం లేదు. ఏ మసాలా వాడాలి?"

మసాలా మార్చి ప్రయోజనం లేదు. నాలుగేళ్ళపాటు నేను చేసిన పని అదే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అమ్మ కొట్టి పంపిన పొడి, ఇక్కడి మన దుకాణాల్లో దొరికే ఏడెనిమిది రకాల పొట్లాలు, మా ఊరి మరలో ఆడించి తెప్పించుకున్న కారం, అన్నీ అయ్యాయి. కూర బాగానే ఉండేది. కానీ అది ఆ కూర కాదు.

మీకు కావలసింది ఏ కూరో రాయలేదు. నేను మాత్రం రొయ్యల ఇగురు గురించే చెబుతాను. అది కుదిరితే మిగిలినవి వాటంతటవే కుదురుతాయని నా నమ్మకం.

మాది వీరవాసరం పక్క పల్లె. భీమవరంలో చదువుకున్న నాలుగేళ్ళూ గదిలో నలుగురం అన్నం మాత్రం వండుకుని, కూర బయట తెచ్చుకునేవాళ్ళం. చిన్న గది, ముందొక బల్ల, బల్ల మీద మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు. ఆ కొట్టు నడిపే ఆవిడను అందరం పిన్నిగారు అనేవాళ్ళం. ఆదివారం రొయ్యల ఇగురు ఉండేది. పలుచని కవరులో రెండు గరిటెలు వేసి, మెడ తిప్పి దారం చుట్టి ఇచ్చేవారు. గదికి తెచ్చి దారం తెంపేసరికి ముద్ద ఒక పక్కకు, ఎర్రటి నూనె ఒక పక్కకు చేరి ఉండేవి. ఒక్క పొట్లం నలుగురికీ సరిపోయేది. ఎంత అన్నం కలిపినా ఆ కూర పలుచనయ్యేది కాదు.

డాలస్ వచ్చి 11 ఏళ్ళయింది. ఇక్కడ రొయ్యలకు కరువు లేదు. అమెరికాకు రొయ్యలు ఎక్కువగా అమ్మే దేశాల్లో మనదీ ఒకటి, మన దేశపు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. దుకాణంలో గడ్డకట్టిన పొట్లం తిప్పి చూస్తే భారతదేశపు సరుకు అని ఉంటుంది. మా ఊరి చెరువులోని రొయ్యే నాకంటే ఆలస్యంగా ఇక్కడికి చేరి ఉండవచ్చు. మరి అదే రొయ్య నా మూకుడులో ఎందుకు నీళ్ళ కూర అవుతోంది? మా వైపు పెద్దవాళ్ళను అడిగితే ఒకటే జవాబు: "వనామీ వచ్చాక రొయ్యకు రుచి పోయిందిరా, ఉప్పుటేరు రొయ్యలు తిన్న నోటికి ఇది ఎక్కదు." వనామీ అంటే విదేశం నుంచి తెచ్చి చెరువుల్లో పెంచే రొయ్య రకం. మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చింది 2009లో. నేను చదువుకున్న రోజులకు అది లేదు కాబట్టి వాళ్ళ మాటే నిజమనుకున్నాను. అది తప్పని పిన్నిగారి వంటగదిలో తెలిసింది.

మూడేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ కొట్టుకు వెళ్ళాను. ఆవిడ గుర్తుపట్టారు. ఇగురు ఎలా చేస్తారో చూడాలని ఉందని అడిగితే, "ముక్కనుమ నాడు రా బాబూ, ఆ రోజు ఎక్కువ చేస్తాం. పొయ్యి దగ్గర అడ్డు మాత్రం రాకు" అన్నారు. ఉదయం తొమ్మిదికల్లా వెళ్ళి గోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

బేసిన్‌లో ఐదు కిలోల రొయ్యలు. అవీ వనామీయే! ఇద్దరు ఆడవాళ్ళు కింద కూర్చుని తల తిప్పి తీసి, తొక్క ఒలిచి, వీపు మీది నల్లటి నరం లాగేస్తున్నారు. ఉప్పు, పసుపు పట్టించి రెండుసార్లు కడిగారు. మూడోసారి కడగబోతే పిన్నిగారు ఆపించారు. తర్వాత వాటిని చుక్క నూనె లేకుండా వట్టి మూకుడులో వేసి పొయ్యి ఎక్కించారు. కాసేపటికి నీరు ఊరి, రొయ్యలు అందులో మునిగిపోయి, బూడిద రంగు నుంచి గులాబీ రంగుకు తిరిగాయి. నేను కళ్ళార్పకుండా మూకుడునే చూస్తున్నాను. ఆవిడ అటు తిరిగి పప్పు పొట్లాలకు దారం చుట్టుకుంటున్నారు. అడుగున ఇంకా నీరు కనిపిస్తూనే ఉంది. ఆవిడ వెనక్కి తిరగకుండానే, "చప్పుడు మారింది, దించేయ్" అన్నారు సహాయకురాలితో.

"అడుగున ఇంకా నీరుంది కదండీ పిన్నిగారూ" అన్నాను.

"అది నీరు కాదు బాబూ, రొయ్య సారం. నీరున్నంతసేపూ కుతకుతమంటుంది. సారం మిగిలాక బుసబుసమంటుంది. ఇంకో నిమిషం ఉంచితే రొయ్య బిరుసెక్కుతుంది."

ఆ రెండు చప్పుళ్ళ తేడా అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తుంది. ఇగురు అంటేనే ఇగరడం కదా. పేరులోనే ఉన్న పనిని వదిలేసి నేను పొడుల వెంట పడ్డాను.

తర్వాత ఉల్లిపాయలు. ఐదు కిలోల రొయ్యలకు నాలుగు కిలోల పైనే, కచ్చాపచ్చాగా రుబ్బినవి. నూనె చూస్తే భయం వేసింది, ముద్ద అందులో తేలుతోంది. ఆ ముద్ద పాత బెల్లం రంగుకు తిరిగి, అంచుల్లో నూనె తేలేవరకు కదుపుతూనే ఉన్నారు. గడియారం చూశాను, 50 నిమిషాలు పట్టింది. అప్పుడు పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, మంట తగ్గించి కారం, ఆ పైన సారంతో సహా రొయ్యలు. మసాలా ఆఖరున పడింది: ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు, కురిడీ కొబ్బరి. ఐదు కిలోలకు అంతా కలిపి ఒక టీ గ్లాసుడు! మీరు, నేను ఇన్నేళ్ళు వెతికింది ఆ గ్లాసులోని దాని కోసం.

తిరిగి వచ్చి, నేను కొనే రొయ్యల పొట్లం వెనక చిన్న అక్షరాలు మొదటిసారి చదివాను. రొయ్యలు, ఉప్పు, సోడియం ట్రైపాలీఫాస్ఫేట్. ఈ మూడోది కండ నీటిని పట్టి ఉంచేందుకు కలిపేది. గడ్డకట్టి కరిగేటప్పుడు రొయ్య కుంచించుకుపోకుండా, బరువు తగ్గకుండా ఉంటుంది. ఆ నీరంతా మన మూకుడులో బయటికి వస్తుంది. ఎంత ఇగరబెట్టినా సారం దశ రాదు, ఆలోగా రొయ్య రబ్బరైపోతుంది. నీటిని రొయ్య ధరకు కొంటున్నామన్న బాధ వేరే. ఆ మందు లేని పొట్లాలూ ఉంటాయి, వెనక రొయ్యలు అని మాత్రమే రాసి ఉంటుంది. ధర కొంచెం ఎక్కువైనా అవే కొనండి, తొక్కతో ఉన్నవి దొరికితే ఇంకా మంచిది. ముందు రాత్రి జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పంపు కింద పెట్టి కరిగించవద్దు.

మందు కలిపినవే దొరికితే ఇలా చేయండి. వట్టి మూకుడులో రొయ్యలు గులాబీ రంగుకు తిరగగానే వాటిని తీసి పక్కన పెట్టి, నీటిని మాత్రం ఇగరబెట్టండి. రెండు చెంచాలు మిగిలాక రొయ్యలను మళ్ళీ అందులో పొర్లించండి. దీనివల్ల సగానికి పైగా తేడా వస్తుంది.

ఇంటి కొలత: అరకిలో రొయ్యలకు నాలుగు ఉల్లిపాయలు, ఆరు పెద్ద చెంచాల నూనె, నాలుగైదు పచ్చిమిర్చి, రెండు చిన్న చెంచాల కారం. మసాలా రెండు చిన్న చెంచాలు దాటనివ్వకండి. నూనె దగ్గర చేయి వెనక్కి లాగితే ఇంటి కూర వస్తుంది, కొట్టు కూర రాదు. రోజూ తినమనడం లేదు, నెలకొకసారి తినండి. వెడల్పాటి బరువైన మూకుడు వాడండి. అతిథులు వస్తున్నారని ఒకేసారి కిలోన్నర వేయకండి. ఇక్కడి కరెంటు పొయ్యికి అంత నీటిని ఇగర్చే వేడి ఉండదు, రొయ్యలు తమ నీటిలోనే ఉడికిపోతాయి. రెండు విడతలుగా చేయండి.

ఉల్లిపాయకు అరకిలో పాళ్ళలోనూ 25 నిమిషాలు పడుతుంది. గోదావరి రుచి అని పేరు పెట్టి వీడియోలు చేసేవాళ్ళు ఉల్లిపాయ ఐదు నిమిషాల్లో వేగిపోతుందని చెబుతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ మాట నమ్మి ఎంతమంది పిల్లలు తమ చేతికి వంట రాదనుకుంటున్నారో! టమాటా వేయమనేవాళ్ళూ ఉన్నారు. ఇగురులో టమాటా పడితే అది వేరే కూర, దానికి వేరే పేరు పెట్టుకోవాలి. ఇక్కడి హోటళ్ళ సంగతి మరీ అన్యాయం. ఒకే జీడిపప్పు ముద్ద చేసి పెట్టుకుని కోడికీ, రొయ్యకూ, పనీర్‌కూ అదే పోస్తారు. మన పిల్లలు ఆ నారింజ రంగు పులుముడునే ఆంధ్ర కూర అనుకుంటూ పెరుగుతున్నారు. మా అబ్బాయి ఆరేళ్ళ వయసులో పిన్నిగారి ఇగురు తిని, "ఇది కూరలా లేదు నాన్నా" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అన్నం సంగతీ చెప్పాలి. ఇగురును బాస్మతితో తినకండి. ఆ గింజ పొడవుగా, విడివిడిగా నిలుస్తుంది, ముద్ద పట్టదు. మార్టేరు వరి పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ రకం బియ్యం, అంటే ఎం.టి.యు. 7029, మా పల్లెల్లో తరాలుగా తింటున్నాం. అది దొరకని చోట సోనామసూరి పాతబియ్యం తీసుకుని ఒక పిసరు మెత్తగా వండండి.

ఇక అందరూ మరిచిపోయేది ఒకటుంది. ముక్కనుమ నాడు పిన్నిగారి కూర దిగింది పదకొండున్నరకు. మొదటి పొట్లం కట్టింది పన్నెండున్నర దాటాక. అది కొన్నవారి కంచంలోకి చేరేసరికి ఇంకో అరగంట. అంటే మనం ఎప్పుడూ తిన్నది గంటన్నర మూత కింద మగ్గిన కూర. పొయ్యి మీది నుంచి దించినవెంటనే వడ్డించుకుని, ఆ రుచి లేదనుకుంటే ఎలా వస్తుంది? వేడి కూరను కవరులో పోయమనను, అది ఆరోగ్యానికి మంచిది కాదు. మందపాటి గిన్నెలోకి తీసి, మూత పెట్టి, తువ్వాలు చుట్టి గంటన్నర వదిలేయండి. మధ్యలో మూత తీయకండి. తీసేసరికి నూనె ఒక పక్కకు చేరి ఉంటే కుదిరినట్టే.

ఈ శనివారం చేసి చూసి, మూకుడులో నీరు ఎంతసేపటికి ఇగిరిందో కింద రాయండి. మీ దగ్గర మందు లేని రొయ్యలు అసలు దొరకకపోతే అదీ చెప్పండి. వంకాయ, ఎండు రొయ్యలతో పిన్నిగారు చేసే ఇగురు కూడా చూసి వచ్చాను, ఆ విధానం రాస్తాను.