తుమ్మి, పెద్దతుమ్మి: పువ్వు తెల్లనిదే, మరి తేడా ఎలా పట్టాలి?

రెండూ ల్యూకాస్ ప్రజాతివే, తులసి కుటుంబం. నలుపలకల కాండం, కణుపుకు ఎదురెదురుగా రెండేసి ఆకులు. గ్రీకులో ‘ల్యూకోస్’ అంటే తెలుపు, పేరు అక్కడిదే. పువ్వు పైపెదవి నూగుతో చిన్న గొడుగులా వంగి నాలుగు కేసరాలను కప్పుతుంది, కిందిపెదవి వెడల్పుగా చాచుకుంటుంది. కాయ పండితే నాలుగు పలుకులవుతుంది.

ఆకును బట్టి తేల్చబోతేనే పొరపాటు. నేల సారాన్ని బట్టి దాని వెడల్పు మారిపోతుంది. పూగుత్తి చూడండి. తుమ్మిలో గుత్తులు కణుపుల దగ్గరా, కొమ్మ చివరా వస్తాయి. పుచ్ఛాలు, అంటే పువ్వుల అడుగున ఉండే చిన్న ఆకుల్లాంటివి, సన్నని పోగుల్లా ఉంటాయి. పెద్దతుమ్మిలో కొమ్మ కొసన పెద్ద బంతి, వెడల్పాటి పుచ్ఛాలు. పువ్వులు రాలిపోయినా పుచ్ఛాలు మిగులుతాయి కాబట్టి ఎండిన మొక్కనూ గుర్తుపట్టొచ్చు. వినాయకచవితికి కూర వండుకునేది లేత తుమ్మాకునే.